హాప్స్ లేని బీరుకు మన డెల్టా చేదు ఏది? వేపపువ్వు, తుంగముస్తలు, సుగంధిపాల మీద చర్చ

దూరతీరం (స్వస్థలం రాజోలు ప్రాంతం, ప్రస్తుత నివాసం సియాటిల్), ఫిబ్రవరి 9

సభ్యులందరికీ నమస్కారం. మాది గోదావరి వశిష్ఠ పాయ ఒడ్డున ఒక చిన్న పల్లె. పన్నెండేళ్లుగా సియాటిల్ దగ్గర ఉంటున్నాను. నేనున్న రాష్ట్రంలోనే యాకిమా లోయ ఉంది. బీరుకు చేదూ పరిమళమూ ఇచ్చే తీగపువ్వు హాప్స్; అమెరికాలో పండే హాప్స్‌లో అధికభాగం అక్కడి నుంచే వస్తుంది. ఆరేళ్లుగా ఇంట్లో బీరు కాచుకుంటున్నాను. ఇన్నేళ్లూ ఆ లోయ పువ్వుతోనే కాచాను, పరిమళానికీ చేదుకూ లోటు లేదు. అయినా ఆ గ్లాసులో నా ఊరి వాసన ఒక్కటీ లేదన్న వెలితి కొంతకాలంగా నన్ను వదలడం లేదు.

ఐరోపాలో హాప్స్ వాడకం స్థిరపడక ముందు కొన్ని శతాబ్దాల పాటు, రైన్ నది దిగువ ప్రాంతాల్లోనూ నేటి నెదర్లాండ్స్, బెల్జియం ప్రాంతాల్లోనూ గ్రూట్ అనే మూలికల మిశ్రమంతో బీరు కాచేవారు. బురదనేలల్లో పెరిగే స్వీట్ గేల్ ఆకు, యారో వంటివి అందులో ముఖ్యమైనవి. ఆ మిశ్రమాన్ని అమ్మే హక్కు ప్రభువుల చేతిలోనో, బిషప్పుల చేతిలోనో ఉండి వారికి మంచి ఆదాయం తెచ్చిపెట్టేది. హాప్స్ ఆ హక్కు పరిధిలోకి రానందువల్ల ఈ రెండింటి మధ్య పోటీ చాలాకాలం సాగింది. 1516లో బవేరియాలో వచ్చిన శాసనం బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేదీ వాడరాదని చెప్పింది. అంటే హాప్స్ లేకుండా బీరు కాయడం కొత్త పోకడ కాదు, మరుగున పడిన పాత పద్ధతి. వాళ్ల బురదనేలల్లో స్వీట్ గేల్ ఉన్నట్టే మన లంకల్లో, కాలువగట్ల మీద, పెరళ్లలో ఏదో ఒకటి ఉండి తీరాలని నా నమ్మకం.

ఉగాదికి ఊరు వస్తున్నాను. మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపిని నిలదీయగల చేదు, దానితో కలిసి నడిచే పరిమళం మన మొక్కల్లో దేనిలో ఉన్నాయో, ఏ భాగాన్ని ఏ ఋతువులో సేకరించాలో, ఎలా ఆరబెట్టాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

నిర్వాహకుడు, ఫిబ్రవరి 9

చర్చ ముందుకు సాగే ముందు ఒక మాట స్పష్టం చేయవలసి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయాలు తయారు చేయడం నేరం, ఇంటి వాడకానికైనా సరే. అమెరికాలో 1978లో చేసిన చట్టంతో ఇంట్లో సొంతానికి బీరు కాచుకోవడానికి కేంద్రస్థాయిలో అనుమతి వచ్చింది. ఒక వయోజనుడున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు పరిమితి, అమ్మకూడదు. అందువల్ల ఈ చర్చలో పులియబెట్టే పని దూరతీరం గారు ఒక్కరే, అదీ వారి ఇంట్లోనే చేస్తారు. ఇక్కడివారు మొక్కల గురించి, కషాయాల గురించి రాయండి.

రసాయనశాల (కాకినాడ, విశ్రాంత అధ్యాపకురాలు), ఫిబ్రవరి 10

దూరతీరం గారి ప్రశ్నలో చేదు ఒక్కటే ఉంది కానీ, హాప్స్ బీరులో చేసే పనులు కనీసం మూడు. ఆ మూడూ తెలియకుండా ప్రత్యామ్నాయం వెతికితే సగం దారిలో ఆగిపోతాం.

మొదటిది చేదు. హాప్స్ పువ్వులోని ఆల్ఫా ఆమ్లాలు నీటిలో సరిగా కరగవు. మాల్టు రసంలో గంట సేపు మరిగినప్పుడు అవి ఐసో ఆల్ఫా ఆమ్లాలుగా మారి, బాగా కరిగి, చేదు ఇస్తాయి. రెండవది నిల్వ. ఆ ఐసో ఆల్ఫా ఆమ్లాలే లాక్టోబాసిల్లస్ వంటి బాక్టీరియాను పెరగనివ్వవు. పన్నెండవ శతాబ్దంలోనే జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్ హాప్స్‌కున్న ఈ నిలువబెట్టే గుణం గురించి రాసింది. మూడవది నురుగు. గ్లాసులో నురుగు నిలబడటానికి మాల్టులోని ప్రొటీన్లతో ఈ చేదు పదార్థాలు పెట్టుకునే బంధం చాలావరకు కారణం.

మన మొక్కల్లో చేదు ఉన్నవి ఎన్నో దొరుకుతాయి. మిగిలిన రెండు పనులూ వాటి వల్ల ఎంతవరకు అవుతాయన్నది కాచి చూస్తేనే తెలుస్తుంది. కనుక మీరు చేసే బీరును చల్లగా ఉంచి, కొద్ది వారాల్లోనే తాగేయడం మంచిది.

ఇక హాప్స్‌నే ఇక్కడ పెంచవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. దానికి వేసవిలో బాగా పొడవైన పగళ్లు, శీతకాలంలో చలి కావాలి. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో పండిస్తారు. పదహారు, పదిహేడు డిగ్రీల అక్షాంశం మీద ఉన్న మన డెల్టాలో తీగ బతికినా పువ్వు సరిగా పట్టదు.

కడియం నారు, ఫిబ్రవరి 11

మాది నర్సరీ కుటుంబం. మీరు చెప్పిన గ్రూట్ గురించి చదవగానే నాకు మాచీపత్రం గుర్తుకు వచ్చింది. ఐరోపావారు బీరులో వేసిన మూలికల్లో మగ్‌వర్ట్ ఒకటి అని విన్నాను. అది ఆర్టిమీసియా జాతి మొక్క, మన మాచీపత్రం కూడా అదే జాతి. దండల్లో కనకాంబరాల మధ్య కట్టే దవనం సైతం ఆ జాతిదే. మాచీపత్రం ఆకు పైన పచ్చగా, అడుగున తెల్లటి నూగుతో ఉంటుంది. నలిపితే కర్పూరం కలిసిన ఘాటు వాసన వస్తుంది, నమిలితే చేదు. దవనంలో చేదు తక్కువ, వాసనలో పండిన పండు తీపి ఉంటుంది.

రెండూ కుండీల్లో సులువుగా పెరుగుతాయి. ఉగాదికి వచ్చినప్పుడు కడియం వైపు రండి, ఆకు నలిపి వాసన చూసి నిర్ణయించుకోవచ్చు.

మూలికల అంగడి (రాజమహేంద్రవరం), ఫిబ్రవరి 11

కడియం నారు గారి మాట సరైనదే. అయితే దాని వెనుక ఒక ప్రమాదం ఉంది, అది చెప్పకుండా ఊరుకోలేను. మాచీపత్రం అనగానే చాలామందికి వినాయక చవితి పత్రి గుర్తుకు వస్తుంది. ఇరవై ఒక్క పత్రాల్లో మొదటిది మాచీపత్రమే. కానీ అదే కట్టలో దత్తూరపత్రం, కరవీరపత్రం, అర్కపత్రం కూడా ఉంటాయి. అంటే ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు. మూడూ విషాలే. గన్నేరు గుండె లయను దెబ్బతీస్తుంది, ఉమ్మెత్త మతిభ్రమణ కలిగించి ప్రాణం మీదకు తెస్తుంది. దేవుడికి సమర్పించేది కనుక నోట్లో పెట్టుకున్నా మంచిదే అనుకునేవారిని నా అంగడిలోనే చూశాను. పత్రి కట్టలో నుంచి ఏరిన ఆకును తాగేదానిలో ఎప్పుడూ వాడకండి.

మరొక సంగతి. మాచీపత్రం ఆకు చామంతి ఆకును పోలి ఉంటుంది కనుక, సరుకు తెచ్చేవారు చామంతి ఆకునే మాచీపత్రమని ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. కుండీలో పెంచి, పేరు రూఢి చేసుకున్న మొక్క ఆకు మాత్రమే తీసుకోండి. గర్భిణులు ఈ జాతి ఆకులకు పూర్తిగా దూరంగా ఉండాలి.

రసాయనశాల, ఫిబ్రవరి 11

మూలికల అంగడి వారి హెచ్చరికకు చరిత్రలోనూ ఆధారం ఉంది. పాతకాలపు ఐరోపా బీర్లలో కొందరు హెన్‌బేన్ అనే మొక్క గింజలు వేసేవారు. అది మన ఉమ్మెత్త కుటుంబానికే చెందింది, అందులోని విషపదార్థాలూ దాదాపు అవే. పాతదంతా మంచిదనుకుని ఆ జాబితాలను యథాతథంగా అనుసరించకూడదు.

వంటిల్లు (పాలకొల్లు), ఫిబ్రవరి 13

బాబూ, మీరందరూ ఎక్కడెక్కడి ఆకులనో తలుస్తున్నారు. ఉగాదికి ఊరు వస్తున్నానని రాసిన మీకే ఆ రోజు మనం నోట్లో వేసుకునే మొదటి చేదు గుర్తుకు రాలేదా? వేపపువ్వు కన్నా మనకు తెలిసిన చేదు ఏముంది?

మా ఇంట్లో ఏటా వేపపువ్వు ఎండబెట్టి సీసాలో ఉంచుకుంటాం. ఉగాది పచ్చడికి పచ్చి పువ్వు, ఏడాది పొడవునా చారుకూ పొడికీ ఎండు పువ్వు. దాని చేదు ఆకు చేదు వంటిది కాదు. ఆకు చేదు నాలుక వెనుక పట్టుకుని గంటల తరబడి కూర్చుంటుంది. పువ్వు చేదు ముందు సన్నగా వచ్చి, తేనె వాసన కొద్దిగా చూపి, మింగిన తరువాత వెళ్లిపోతుంది. పచ్చడిలో కొత్త బెల్లం, చింతపండు పక్కన అది ఇముడుతున్నదంటే అందుకే. తీపి పక్కన నిలబడగలిగి, తీపిని చంపని చేదు మీకు కావలసి ఉంటే దీనినే చూడండి.

సేకరించే పద్ధతి చెబుతాను. తెల్లవారుజామున చెట్టు కింద ఉతికిన పాత చీర పరిచి కొమ్మను మెల్లగా ఊపితే విచ్చిన పువ్వు మాత్రమే రాలుతుంది. కాడలు, పిందెలు ఏరివేయాలి, ఎందుకంటే వెగటు చేదు వాటిలోనే ఉంటుంది. రోడ్డు పక్క చెట్టు పనికిరాదు, దుమ్మంతా పువ్వులోనే ఉంటుంది. కడగకూడదు, కడిగితే పుప్పొడితో పాటు వాసనా పోతుంది. నీడన నాలుగైదు రోజులు ఆరిన తరువాత గాలి చొరని సీసాలో పెట్టాలి.

లంకతోట (ముమ్మిడివరం ప్రాంతం), ఫిబ్రవరి 15

అక్కగారి మాట చదవక ముందు నేను నేలవేము సూచించాలనుకున్నాను, ఎందుకంటే కొబ్బరితోటలో దానంతటది మొలుస్తుంది, జ్వరాలకు మా నాన్నగారు కషాయం కాచేవారు. వాదన పెట్టుకోవడం కన్నా చేసి చూడటం నయమనిపించి నిన్న సాయంత్రం ఒక ప్రయోగం చేశాను.

ఉత్త నీటిలో కాస్తే మాల్టు తీపి పక్కన చేదు ఎలా ఉంటుందో తెలియదు కనుక, బార్లీ గింజలను దోరగా వేయించి, ఉడికించి, వడకట్టి, లీటరుకు ఎనభై గ్రాముల తాటిబెల్లం కలిపాను. దానిని మూడు గిన్నెల్లో పోశాను. ఒకదానిలో లీటరుకు ఒక గ్రాము ఎండు నేలవేము, ఒకదానిలో రెండు గ్రాముల ఎండు వేపపువ్వు పది నిమిషాలు, మరొకదానిలో అంతే వేపపువ్వు నలభై నిమిషాలు మరిగించాను. ఇంట్లో ఐదుగురం చల్లార్చి రుచి చూశాం.

నేలవేము గిన్నె ఎవరమూ రెండో గుక్క తాగలేకపోయాం. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఆ చేదు నాలుక మీదే ఉంది. నలభై నిమిషాల వేపపువ్వులో మందు వాసన వచ్చింది. పది నిమిషాల గిన్నెను మా అమ్మ మరికొంచెం అడిగి తాగింది.

దూరతీరం, ఫిబ్రవరి 15

వంటిల్లు అక్కగారికి, లంకతోట అన్నగారికి ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. హాప్స్ చేదును గంటసేపు మరిగించి రాబట్టడం నాకు అలవాటు. వేపపువ్వుకు అదే కొలత వాడి ఉంటే మొత్తం పారబోసుకునేవాణ్ణి. ఇకపై నా ప్రణాళికలో వేపపువ్వే చేదు, చివరి పది నిమిషాల్లోనే వేస్తాను.

అక్కగారిని ఒక సందేహం అడగాలి. చారులో వేసేటప్పుడు పువ్వును నేతిలో వేయిస్తాం కదా, నేను కూడా అలా వేయించవచ్చా?

వంటిల్లు, ఫిబ్రవరి 16

వేయిస్తే కమ్మటి వాసన వస్తుంది, చేదు కూడా తగ్గుతుంది. మీ బీరుకు అది మేలో కీడో నాకు తెలియదు బాబూ, మేడమ్ గారు చెప్పాలి.

రసాయనశాల, ఫిబ్రవరి 16

నెయ్యి వద్దు. కొవ్వు తగిలితే నురుగు విరిగిపోతుంది. హాప్స్ లేనందున నురుగు అసలే బలహీనంగా ఉంటుంది. కావాలంటే వట్టి మూకుడులో సెగ చూపండి.

గీత పని (అమలాపురం ప్రాంతం), ఫిబ్రవరి 20

మా తాతగారి కాలం నుంచీ మాది తాడిచెట్లు గీసే కుటుంబం. మోకు పట్టి చెట్టెక్కే పని నేను మానేసి ఉద్యోగంలో చేరాను గానీ ఆ పని నాకు తెలుసు. బెల్లం గురించి ఒక సంగతి చెప్పాలి.

గెల చెక్కిన క్షణం నుంచే రసం పులియడం మొదలవుతుంది. కుండలోని పాత ఈస్ట్, గాలిలోని సూక్ష్మజీవులు దానిని గంటల్లో కల్లుగా మారుస్తాయి. పులియకూడదనుకుంటే కుండ లోపల సున్నం పూస్తారు. అలా దిగిన తీపి రసమే నీరా, దానినే కాచి తాటిబెల్లం చేస్తారు. తరువాత సున్నం విరగ్గొట్టి తేర్చినా కొంత బెల్లంలో ఉండిపోతుంది. నాలుక మీద చివర కొద్దిగా ఉప్పదనం, వగరు కలిసినట్టు తోచేది అందువల్లనే. మీ పానీయంలో ఆ సున్నం ఏం చేస్తుందో చూసుకోండి.

కల్లు మధ్యాహ్నానికి పులిసిపోవడం మనకు తెలుసు. శ్రీలంకలో హల్ అనే చెట్టు బెరడు ముక్కలను కుండలో వేసి ఆ పులుపును ఆలస్యం చేస్తారు. మా వైపు ఆ అలవాటు లేదు. చేదూ వగరూ రుచికి మాత్రమే కాదు, కాపాడటానికి కూడా అని మేడమ్ గారు రాసింది చదివినప్పుడు అది గుర్తుకు వచ్చింది.

దూరతీరం, ఫిబ్రవరి 21

గీత పని తమ్ముడు చెప్పిన సున్నం సంగతి నాకు చాలా అవసరమైనది. మాల్టు పిండిని 65 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో గంటసేపు నానబెట్టినప్పుడే దానిలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. అవి చక్కగా పనిచేయాలంటే పీహెచ్, అంటే పులుపు కొలత, 5.2 నుంచి 5.6 మధ్య ఉండాలి. సున్నం ఉన్న బెల్లాన్ని ఆ దశలో కలిపితే పీహెచ్ పెరుగుతుంది. కాబట్టి బెల్లం మరుగు చివరిలోనే వేస్తాను.

డెల్టా బీరు అన్నప్పుడు బియ్యం లేకుండా ఉండటం నాకు ఇష్టం లేదు. మార్టేరు పరిశోధనా కేంద్రం ఇచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029 తిని పెరిగినవాణ్ణి. బియ్యంలో మాల్టు వంటి ఎంజైములు లేవు కనుక ముందు మెత్తగా వండి, ఆ అన్నాన్ని బార్లీ మాల్టుతో కలిపి నానబెడితే మాల్టులోని ఎంజైములే దానినీ చక్కెర చేస్తాయి. వడకట్టేటప్పుడు మాల్టు జిగురుగా గడ్డకట్టకుండా ఇక్కడి దుకాణంలో డబ్బిచ్చి ఊక కొంటాం. మన రైసు మిల్లుల వెనుక కొండల్లా పడి ఉండే ఊకే అది. దానిని చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఊరు గుర్తుకు వస్తుంది.

కడియం నారు, ఫిబ్రవరి 22

వడకట్టే మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. అడుగున ఊకతో పాటు వట్టివేళ్లు పరిస్తే ఎలా ఉంటుంది? వేసవిలో కుండలో వేసుకునే వేళ్లే కదా.

దూరతీరం, ఫిబ్రవరి 22

ఎంత మంచి ఆలోచన! ఫిన్లాండ్‌లో సాహ్తీ అనే పల్లె బీరు చేసేవారు వడపోత తొట్టి అడుగున జూనిపర్ కొమ్మలు పరుస్తారు. నార్వే పల్లెల్లో జూనిపర్ కొమ్మలు మరిగించిన నీటితోనే మాల్టు నానబెడతారు. వాళ్ల కొమ్మలకు మన వట్టివేళ్లు సరిగ్గా సరిపోతాయి. తప్పకుండా చేస్తాను.

లంకతోట, మార్చి 2

తుంగముస్తల మాట ఎవరూ ఎత్తలేదు. పొలంగట్ల మీద, కొబ్బరితోటల్లో ఎంత పీకినా పోని తుంగ గడ్డి కింద నల్లటి చిన్న గడ్డలు ఉంటాయి. శుభ్రంగా కడిగి, ఎండబెట్టి, దంచితే మిరియం, తడిమట్టి, కొద్దిగా కర్పూరం కలిసిన వాసన. ఈ వారం బార్లీ నీటిలో లీటరుకు ఒక గ్రాము వేసి చూశాను. నాకు ఎంతో నచ్చింది. మా తమ్ముడు మాత్రం ఏ వాసనా లేదు, ఉత్త బార్లీ నీరే అన్నాడు. ఒకే గిన్నెలోది తాగి ఇంత తేడా ఎందుకో అర్థం కాలేదు.

తీసుకునేవారికి ఒక జాగ్రత్త. వరిచేలల్లో కలుపుమందు కొడతారు కనుక అక్కడి గడ్డలు వద్దు. మందు తగలని తోటలోనివి తవ్వండి.

రసాయనశాల, మార్చి 2

మీ తమ్ముడు గారు చెప్పింది నిజమే, మీరు చెప్పిందీ నిజమే. తుంగముస్తల్లో రొటండోన్ అనే పదార్థం ఉంది. తుంగ శాస్త్రీయ నామం సైపరస్ రొటండస్, ఆ పేరు మీదుగానే దీనికి పేరు వచ్చింది. 2008లో ఆస్ట్రేలియాలోని ద్రాక్షసారా పరిశోధకులు షిరాజ్ ద్రాక్షసారాలో వచ్చే మిరియపు వాసనకు, మిరియాల్లోని ఆ వాసనకు కూడా ఇదే కారణమని కనుగొన్నారు. లీటరు నీటిలో గ్రాములో సుమారు పది కోట్లవ వంతు ఉన్నా కొందరికి తెలుస్తుంది. కానీ ఆ పరిశోధనలో పాల్గొన్నవారిలో సుమారు 20 శాతం మందికి పరీక్షించిన అత్యధిక మోతాదులో కూడా ఆ వాసన అందలేదు. అంటే ఐదుగురిలో ఒకరికి. మీ ఇంట్లో ఐదుగురు ఉన్నారని ముందు రాశారు కదా.

మన పొలంగట్టు కలుపులో ప్రపంచపు మేలైన ద్రాక్షసారాల వాసన ఉందని పాఠం చెప్పే రోజుల్లో తెలిసి ఉంటే పిల్లలకు ఎంత సంతోషంగా చెప్పేదాన్నో.

మూలికల అంగడి, మార్చి 4

దూరతీరం గారూ, తుంగముస్తలను మాత్రం విమానంలో తీసుకువెళ్లవద్దు. ఎండినట్టు కనిపించినా తడి తగిలితే మొలకెత్తగల గడ్డ అది. అక్కడి చీనా మందుల దుకాణాల్లో షియాంగ్‌ఫు పేరుతో అమ్మేది ఇదే.

సుగంధిపాల గురించి కూడా చెబుతాను. సన్నటి వేరులో, పైన ముదురు గోధుమరంగు బెరడులోనే వాసన అంతా ఉంటుంది. లోపలి కట్టె నిస్సారం. లావు వేరు చూసి మురిసిపోయి కొనవద్దు. విరిచి వాసన చూడండి, వెనిల్లా, బాదం కలిసిన తీపి వాసన వెంటనే రావాలి. మరిగిస్తే ఆవిరితో పాటే పోతుంది కనుక షరబతుకు కూడా రాత్రంతా నానబెట్టడమే మేలు.

రసాయనశాల, మార్చి 4

ఆ వాసన ఇచ్చే పదార్థం వెనిల్లాలోని వెనిలిన్‌కు తోబుట్టువు వంటిది. పరమాణువుల లెక్క ఒకటే, అమరిక వేరు. అది ఒక ఆల్డిహైడ్. పులుస్తున్న దశలో ఈస్ట్ ఆల్డిహైడ్లను ఆల్కహాళ్లుగా మార్చేయగలదు, అప్పుడు వాసన సన్నగిల్లుతుంది. ప్రధానంగా పులియడం ముగిసి, ఈస్ట్ అడుగుకు చేరిన తరువాతే వేరును అందులో వేయండి.

కడియం నారు, మార్చి 5

మొగలిపువ్వు?

లంకతోట, మార్చి 5

మా కాలువ గట్టున మొగలి పొదలు ఉన్నాయి కానీ ఇప్పుడు పువ్వు లేదు, వానాకాలంలో వస్తుంది. కోసిన రోజు దాటితే వాసన తగ్గిపోతుంది. ముళ్లు, పొదల్లో పాముల భయం వేరే. ఉగాదికి ఆశ పెట్టుకోవద్దు.

దూరతీరం, ఏప్రిల్ 6

ఊరు వచ్చి తిరిగి చేరుకున్నాను. పాలకొల్లు వెళ్లి వంటిల్లు అక్కగారి చేతుల మీదుగా వేపపువ్వు తీసుకున్నాను. వారి పెరటి చెట్టు కింద చీర పరిచి నేను కూడా కొమ్మ ఊపాను. ఆ వాసన ఇంకా నా చొక్కాకు ఉందనిపిస్తోంది. రాజమహేంద్రవరంలో సుగంధిపాల, వట్టివేళ్లు కొన్నాను. కడియంలో మాచీపత్రం, దవనం నలిపి చూశాను. దవనం నచ్చింది, అయితే ఈసారికి పరిమళాలను తక్కువగానే ఉంచాలని వదిలేశాను.

ఇటువంటి ప్రయత్నం చేయాలనుకునే ప్రవాసులకు ఒక సూచన. తెచ్చిన ప్రతి మొక్క భాగాన్నీ విమానాశ్రయంలో అధికారులకు ముందుగా చూపించాలి. వేళ్లకు మన్ను అంటుకుని ఉండకూడదు. తాజా నిమ్మజాతి పండ్లు, కరివేపాకు తేకూడదు. నిల్వ ధాన్యాన్ని తినే ఖప్రా పురుగు భయం వల్ల మన దేశపు బియ్యం కూడా సామానులో తేకూడదు. నావి విప్పి పరీక్షించి ఇచ్చేశారు. బియ్యం, పంపరపనస ఇక్కడే కొన్నాను, తుంగముస్తలు చీనా మందుల దుకాణంలో దొరికాయి.

పంపరపనస ఎందుకంటే, ఇక్కడి కాస్కేడ్ రకం హాప్స్‌ను అందరూ గ్రేప్‌ఫ్రూట్ వాసనతో పోలుస్తారు. గ్రేప్‌ఫ్రూట్ అన్నది పంపరపనసకూ తీపి నారింజకూ పుట్టిన సంకరమే. హాప్స్‌లో మనిషి వెతుక్కునే ఆ వాసన మన పెరటి పంపరపనస తొక్కలో ముందే ఉంది. బెల్జియంలోని హూగార్డెన్‌లో 1966లో పునరుద్ధరించిన గోధుమ బీరులోనూ నారింజ తొక్క, ధనియాలే ప్రాణం.

దూరతీరం, ఏప్రిల్ 13

నిన్న కాచాను. పన్నెండు లీటర్ల బీరుకు రెండు కిలోల బార్లీ మాల్టు, అరకిలో బియ్యం మెత్తగా వండిన అన్నం, చివరిలో పావుకిలో తాటిబెల్లం. వడపోత అడుగున ఊక మీద గుప్పెడు వట్టివేళ్లు పరిచాను. వేడి రసం వాటి గుండా దిగుతుంటే వంటగది అంతా కొత్త కుండలో నీళ్ల వాసన. రసంలోకి ఎంత దిగిందో చెప్పలేను, ఆ గంట మాత్రం మరిచిపోలేను.

మరుగు చివరి పది నిమిషాలకు 15 గ్రాముల వేపపువ్వు వేశాను. చల్లార్చి మూడు జాడీల్లో నాలుగేసి లీటర్లు పోశాను. మొదటి జాడీలో వేపపువ్వు మాత్రమే. రెండవదానికి ఒక పంపరపనస పైతొక్క, తెల్లభాగం రాకుండా గీకి, నాలుగు గ్రాముల దంచిన తుంగముస్తలతో కలిపి, పులియడం ముగిశాక చేరుస్తాను. మూడవదానికి అప్పుడే 20 గ్రాముల సుగంధిపాల. ఈస్ట్ 19 డిగ్రీల దగ్గర పనిచేస్తోంది.

దూరతీరం, మే 18

సీసాలు పట్టి మూడు వారాలైంది. నిన్న మా ఇంటికి వచ్చిన ఐదుగురు మిత్రులతో కలిసి రుచి చూశాం. ఆల్కహాలు సుమారు ఐదున్నర శాతం.

వేపపువ్వు మాత్రమే ఉన్నది చూడటానికి తేనెరంగులో ఉంది. చేదు అక్కగారు చెప్పినట్టే వచ్చి వెళ్లింది. హాప్స్ చేదు గుక్క చివర గట్టిగా కొడుతుంది. ఇది అలా కాదు, మాల్టు తీపి పక్కనే నడిచి దానితోనే ముగుస్తుంది. లోపం నురుగులో ఉంది. పోసినప్పుడు బాగానే లేచి, అర నిమిషంలో అణిగిపోయింది. మేడమ్ గారు ముందే చెప్పారు.

రెండవది అందరికీ ఎక్కువగా నచ్చింది. పంపరపనస ముందు, తుంగముస్తల మిరియం వెనుక. మిత్రుల్లో ఒకరికి ఆ మిరియం అసలు తెలియలేదు, లంకతోట అన్నగారి తమ్ముడి సంగతి చెప్పాను.

మూడవది నాకు నిరాశ కలిగించింది. సుగంధిపాల ఎక్కువైంది. బీరు తాగుతున్నట్టు లేదు, షరబతులో చేదు కలిపినట్టు ఉంది.

మూలికల అంగడి, మే 18

లీటరుకు ఐదు గ్రాములు ఎక్కువే. షరబతులో ఆ వాసనను మోయడానికి పంచదార ఉంటుంది, మీ దానిలో తీపి చాలావరకు ఈస్ట్ తినేసింది కదా. ఒకటిన్నర గ్రాముతో మొదలుపెట్టి, మూడు రోజులకొకసారి రుచి చూసి, చాలనిపించిన రోజున వేరు తీసేయండి.

గీత పని, మే 19

బెల్లం రుచి తెలిసిందా అన్నగారూ?

దూరతీరం, మే 19

మొదటి జాడీలో తెలిసింది తమ్ముడూ, చివర సన్నటి పొగ వాసనగా. మిగిలిన రెండింటిలో పరిమళాలు దానిని కప్పేశాయి. ఈసారి బెల్లం అరకిలో వేసి, ఆ మేరకు మాల్టు తగ్గిస్తాను.

దూరతీరం, జూన్ 22

రెండు నెలల సీసాలను మళ్లీ తెరిచాను. చల్లటి పెట్టెలో ఉంచినవి బాగున్నాయి. నెల పాటు గది వేడిలో ఉంచిన రెండు సీసాలు పుల్లగా మారాయి. కల్లు మధ్యాహ్నానికి పులిసినట్టే, దీనికి కొన్ని వారాలు పట్టింది. కాబట్టి వేపపువ్వు చేదు పని చేసింది, పరిమళపు పనిని తొక్కలు, తుంగముస్తలు చేశాయి, నిలువబెట్టే పని మాత్రం పూర్తిగా జరగలేదు. దానికి చలే గతి.

తరువాతి కాపుకు 16 గ్రాముల వేపపువ్వు, సుగంధిపాల లీటరుకు ఒకటిన్నర గ్రాము, నురుగు కోసం కొద్దిగా గోధుమ మాల్టు.

వంటిల్లు, జూన్ 22

మీ కోసం రెండు వందల గ్రాముల పువ్వు వేరే సీసాలో తీసి ఉంచాను బాబూ. సీసా మీద ఈ ఏటి చైత్రం అని రాసి అంటించాను. ఎవరైనా ఇటు నుంచి బయలుదేరుతుంటే చెప్పండి.

లంకతోట, జూలై 27

మొగలి పొదలో నిన్న రెండు పొత్తులు విచ్చాయి. చుట్టుపక్కల పొదంతా కర్రతో తట్టి చూసి, వేకువనే కోశాను. ఒక పొత్తు రేకులను కత్తిరించి, కొన్నిటిని వేడి బార్లీ నీటిలో, మిగిలినవాటిని మరిగి చల్లారిన బార్లీ నీటిలో గంటసేపు మూతపెట్టి ఉంచాను. వేడి నీటిలో వేసినది ఉడికిన గడ్డి వాసన వచ్చింది, చల్లటి నీటిలోది మాత్రం గులాబీకి దగ్గరగా, ఇంకా ఘాటుగా ఉంది. వేపపువ్వు కషాయం చల్లార్చి అందులో కలిపి చూస్తే రెండూ ఒకదానినొకటి చెడగొట్టలేదు. రేపు రెండవ పొత్తును నానబెట్టడానికి బదులు ఆవిరి పట్టి, ఆ నీటిని సీసాలో దాచగలనేమో చూస్తాను. పువ్వును ప్రయాణం చేయించలేము గానీ, నీటిని చేయించవచ్చు.